చూడని అయ్యవారు

1952 మార్చి 9, ఆదివారం

ఈ ఊరికి వచ్చి మూడు రోజులైంది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. దారిలో పెట్టెలో సిరాబుడ్డి పగిలి రెండు చొక్కాలు నీలమయ్యాయి. కరువుకి పిల్లలు రావడం మానేశారని మా హైస్కూలు మూసేసి, ఇంగ్లీషు అయ్యవారినైన నన్ను ఈ గంజి కేంద్రం మీదికి తోలారు. పదకొండేళ్ళు ఇంగ్లీషు చెప్పిన నోటితో ఇప్పుడు గంజి తాగేవాళ్ళ పేర్లు పిలవాలి. కరువులో ఏ పనీ తక్కువ కాదు అన్నాడు హెడ్మాస్టరు. ఆయన మాత్రం రాయచోటిలో ఫ్యాను కింద ఉండిపోయాడు.

బస ఊరి రెడ్డి, మునసబు సుబ్బయ్య గారింటి వీధిగదిలో. భోజనమూ అక్కడే. ఆయన భార్య రామలక్ష్మమ్మ గారు వద్దన్నా వడ్డిస్తుంది. సర్కారు పంపే జొన్నల బస్తాలు కూడా ఆ ఇంటి కొట్టుగదిలోనే ఉంటాయి. ఊళ్ళో గట్టి తలుపున్న గది ఇంకొకటి లేదట. తాళంచెవి మునసబు మొలతాట్లో ఉంటుంది.

మధ్యాహ్నం గంజి అయిపోయాక చేసేదేమీ లేదు. కాబట్టి నా పుస్తకం ముందుకు సాగాలి. ఇంగ్లీషు జాతీయాలు రెండు వందలు, ప్రతిదానికి తెలుగులో అర్థం, వాడుక, ఒక ఉదాహరణ. ఏప్రిల్ ఆఖరుకల్లా ఇస్తే వేస్తానని కర్నూలు పుస్తకాల షాపాయన మాటిచ్చాడు. నూట ఎనభై దాటాయి. ఇప్పుడు "టర్న్ ఎ బ్లైండ్ ఐ" దగ్గర ఉన్నాను. రేపటికి అయిపోతుంది.

మార్చి 11, మంగళవారం

కాలేదు.

కేంద్రం అంటే మూతపడ్డ ప్రైమరీ బడి ముందర ఒక పందిరి, రెండు పెద్ద గుండిగలు. గిడ్డమ్మ వండుతుంది, గిడ్డమ్మే పోస్తుంది. ఊళ్ళోవాళ్ళు పందిరి కింద కూర్చుంటారు. నీళ్ళెండిన వంక అవతలి పల్లె నుంచి వచ్చే మాల క్రైస్తవులు పందిరి బయట, ఎండలో, వేరే వరుస. అలా కూర్చోమని ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను వచ్చేసరికే అలా కూర్చుని ఉన్నారు. వాళ్ళకు గిడ్డమ్మ గరిటె బాగా పైకెత్తి పోస్తుంది, గిన్నెకు తగలకుండా.

రూలు ఒకటే: ఇక్కడికి వచ్చినవాడికి గంజి, ఇక్కడే కూర్చుని తాగాలి, ఇంటికి తీసుకుపోకూడదు. తీసుకుపోయి పశువులకు పోస్తారని పైవాళ్ళ భయం.

బయటి వరుస చివర ఒకామె కూర్చుంటుంది. పేరు విశ్వాసమ్మ. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఈ కరువులో ఎవరి వయసూ చెప్పలేం. గంజి పోయించుకుంటుంది, రెండు గుక్కలు తాగుతుంది, సత్తు గిన్నెకు మూతపెట్టి కొంగు కిందికి లాక్కుంటుంది. లేచి పోతుంది. నేర్పుగానే చేస్తుంది. కానీ పరీక్ష హాల్లో కాపీలు పట్టీ పట్టీ పండిపోయిన కళ్ళు నావి.

పిలిచి అడగాలి. అడగలేదు.

ఆ జాతీయానికి "చూసీ చూడనట్టు ఊరుకోవడం" అని రాశాను. సరిపోయినట్టే ఉంది, సరిపోలేదు. చూడనట్టు ఎవరైనా ఉండొచ్చు. దారినపోయేవాడు చూడకపోతే దాన్ని ఎవరూ ఏమీ అనరు. చూడటం తన పనైనవాడు చూడకపోతేనే ఇంగ్లీషువాడు ఈ మాట వాడతాడు. ఇది అర్థంలో ఎక్కడ ఇరికించాలో తెలియడం లేదు.

మార్చి 12

ఇవాళ కూడా తీసుకుపోయింది. నేను పందిరి ఆకులు లెక్కపెట్టాను.

మార్చి 15, శనివారం

గిడ్డమ్మ గుండిగ కడుగుతూ, నాకు వినపడేంత గొంతుతో, నా వైపు చూడకుండా అంది:

"ఆ చివర కూచ్చునే ఆయమ్మ గంజి ఇంటికి యత్తకపోతాండాది అయ్యోరా."

"నేను చూడలేదే."

"చూడనోడు ఎవురు అని గదా అడిగేది. నువ్వు చెప్పిన తీరు చూస్తే చూసినట్లే ఉండాది." నవ్వింది. "చెప్పనులే. ఆమె మొగుడు ఓబన్న రోడ్డుకు కంకర కొట్టేదానికి పోయి ఆడనే పడిపోయినాడు. కాళ్ళు వాచి మంచంలో ఉండాడు. ఈడికి నడిచి రాలేడు. రానోనికి గంజి లేదు గదా. ఆమె గంజే ఇద్దరూ తాగుతాండారు."

నా మీద నాకే కొంచెం గౌరవం కలిగింది. ఈ జాతీయం ఎలా పుట్టిందో పిల్లలకు చెప్పే కథ ఒకటుంది. ఒంటికన్ను నౌకా సేనాని ఒకడు, వెనక్కి రమ్మని పైఅధికారి జెండా ఊపితే, దుర్భిణి గుడ్డికంటికి పెట్టుకుని నాకేం కనపడటం లేదన్నాడట. గెలిచాడు కాబట్టి మెచ్చుకున్నారు. నా రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. అయినా చూడకుండా ఉండగలుగుతున్నాను. అంటే నాది ఇంకా పెద్ద విద్య.

ఉదాహరణ వాక్యం: "దయగల అయ్యవారు పేదరాలి చిన్న తప్పును చూసీ చూడనట్టు వదిలేశాడు." బాగా వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను.

మార్చి 19, బుధవారం

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ మునసబు ఎద్దుల గాడి దగ్గరికి వెళ్ళాను. గాడిలో నానబెట్టిన జొన్నలు. ఎర్రవి. సర్కారు జొన్న ఎర్రగా ఉంటుంది. ఓడలో ఎక్కడినుంచో వచ్చింది, ఈ నేలలో పండేది తెల్లజొన్న.

ఎర్రజొన్న ఎవరైనా తెచ్చి వేసుకోవచ్చు.

మార్చి 20

వేసుకోవచ్చు. రెండేళ్ళుగా వాన లేదు. అయినా వేసుకోవచ్చు.

మార్చి 26, బుధవారం

గంజి పల్చబడింది. వారం కిందట గరిటె నిలబడేది, ఇప్పుడు గిన్నెలో అడుగు కనపడుతోంది. గిడ్డమ్మను అడిగాను.

"ఇచ్చిన జొన్నల్తోనే గదా వండేది. మిగతాది నీళ్ళు పోస్తాండా. నీళ్ళకు తాళం లేదు గదా అయ్యోరా."

మధ్యాహ్నం నా పళ్ళెంలో సంగటి ఎర్రగా ఉంది. రామలక్ష్మమ్మ గారు నెయ్యి వేసింది. నేను తినడం కొంచెం ఆపాను. ఆమె కూడా ఆగింది. తర్వాత తిన్నాను. ఆకలిగా ఉంది, అడగటం మర్యాద కాదు, అతిథిని. ఇవి మూడు కారణాలు. ఇంకొకటి కూడా ఉంది, రాయను.

విశ్వాసమ్మ విషయంలో చూడకపోవడం దయ అయితే, సుబ్బయ్య గారి విషయంలో అదే దయ ఎందుకు కాదు? అందరి మీదా ఒకే చూపు ఉండటం న్యాయం. ఈ వాదనలో ఎక్కడో బొక్క ఉంది. ఎండ తగ్గాక వెతుకుతాను.

మార్చి 27

వెతకలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

గంజి నీళ్ళలా ఉందని ఎవరో రాయచోటికి అర్జీ పంపారు. ఎల్లుండి తనిఖీ. మునసబు నా గదిలోకి వచ్చి మంచం మీద నా పక్కనే కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"ఏమప్పా అయ్యోరా, ఆఫీసరు వస్తాండాడు. గంజి ఎందుకు పల్చగుండాదని అడిగితే ఏం చెప్తావు?"

"మీరే చెప్పండి."

"పల్లెజనం గంజి ఇండ్లకు యత్తకపోతాండారు, ఎంత వండినా చాలడంలేదు అని రాయి. అబద్ధం గాదు గదా. ఒకామె పేరు గూడా రాయి. పేరుంటే నమ్ముతారు."

"నేను చూడలేదు."

"చూసినావప్పా. నువ్వు శానా చూస్తావు." ఆయన గొంతు పెంచలేదు. "మా గాడి కాడ గూడా నిలబడి చూస్తాంటివి గదా ఆ పొద్దు. చూసి వచ్చి మా ఇంట్లోనే సంగటి తింటివి. మంచోడివి. మంచోడి మాదిరే ఉండు."

వెళ్ళేటప్పుడు నా దుప్పటి మడత సరిచేసి పోయాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

తనిఖీ జరిగింది. వివరణ రాయబడింది. సంతకం చేయబడింది.

ఇన్నేళ్ళు పిల్లలకు కర్మణి ప్రయోగం దండగ అని చెప్పాను. దండగ కాదు.

వచ్చినాయన పేరు ఆనందం. కడప మనిషి, మెత్తగా మాట్లాడతాడు. నా బల్ల మీది జాతీయాల కాగితాలు తిరగేసి ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు, అచ్చయితే ఒక కాపీ పంపమన్నాడు. తర్వాత నా వివరణ చదివాడు. నలుగురు గిన్నెలు తీసుకుపోతే గుండిగలో గంజి ఎలా పల్చబడుతుంది? ఆయన అడగలేదు. విశ్వాసమ్మ పేరు మీద గీత కొట్టించాడు.

ఏప్రిల్ 5

పుస్తకం పని సాగలేదు. ఎండ.

ఏప్రిల్ 7, సోమవారం

అందరూ వెళ్ళిపోయాక విశ్వాసమ్మ వచ్చింది. పందిరి బయటే ఆగింది. మూడు రోజులుగా పేరు పిలవకపోయినా వచ్చి కూర్చుంటోందని నాకు తెలుసు. ఆ మూడు రోజులూ ఆ కొసకు చూపు పోకుండా పిలిచాను.

"నా పేరు పిలవలేదు అయ్యోరా."

"కొట్టేశారమ్మా."

"నువ్వు కొట్టేసినావా?"

"పైనుంచి ఆర్డరు."

ఆమె కిందకూర్చుంది. నిలబడే ఓపిక లేక కూర్చుంది, అడుక్కోవడానికి కాదు.

"నువ్వు చూస్తాంటివని నాకు మొదట్నాడే తెలుసు అయ్యోరా. నేను కొంగు సర్దుకుంటాంటే నువ్వు మొగం ఆపక్కకి తిప్పితివి. ఇంటికి పోయి ఆయప్పకు చెప్తి, ఆడ ఒక మంచాయన ఉండాడు, చూసి గూడా చూడడు అని. ప్రార్థన చేసుకునేటప్పుడు నీ పేరు తెలవక, అయ్యోరు అని చెప్పుకుంటాంటిమి."

నేను పేర్ల పట్టీ మడిచాను.

"మరి ఇప్పుడెందుకు చూసినావు?"

ఆమె రెండు చేతులూ నేలకు ఆనించింది. తర్వాత లేచి వెళ్ళింది. నాకు సిగ్గేసింది. ఇది నాలుగు మాటల్లో రాయాలని చూశాను, రెండు చాలు.

ఏప్రిల్ 9, బుధవారం

నా సంగటి గుడ్డలో కట్టుకుని నిన్నా ఇవాళా వంక దాటి పల్లెకు వెళ్ళాను. విశ్వాసమ్మ వద్దనలేదు, థ్యాంక్స్ అనే అర్థం వచ్చే మాట ఏదీ అనలేదు. సంగటి నీళ్ళలో పిసికి ఓబన్న చేత తాగించింది, తర్వాత గిన్నె కడిగిన నీళ్ళు తాను తాగింది. మిగతా ముద్ద సాయంత్రానికి దాచింది. ఓబన్న నన్ను చూసి లేవబోయాడు. కాళ్ళు బూరెల్లా పొంగి ఉన్నాయి. పండుకో అంటే వినడు. పెద్దమనిషి ముందర మంచం మీద ఉండగూడదంట.

ఏప్రిల్ 10

"మా ఇంటి సంగటి వంక దాటి పోతాండాదంట" అన్నాడు మునసబు. ఇకనుంచి నేను తినేదాకా రామలక్ష్మమ్మ గారు ఎదురుగా కూర్చోవాలట. కూర్చుంది పాపం. గోడవైపు చూస్తూ కూర్చుంది. ఒక ముద్ద జేబులో వేసుకోవచ్చు. వేసుకోలేదు, చొక్కా ఒకటే బాగుంది. ఇలాంటి మనిషిని నేను.

ఏప్రిల్ 11, శుక్రవారం

మంచి శుక్రవారం. పొద్దున్నుంచీ పల్లెలో పాటలు వినపడుతున్నాయి. ఇవాళ ఉపవాసమట, గంజికి కూడా రాలేదు. ఏడాది పొడుగునా చేస్తున్నదానికి ఇవాళ పేరు పెట్టుకున్నారు.

కాగితం తీశాను. జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాశాను. చాలా బాగా వచ్చింది, అందుకే చించేశాను. తెలుగులో మళ్ళీ రాశాను. గాడిలో ఎర్రజొన్న చూశాను. పళ్ళెంలో చూశాను, తిన్నాను. గంజి పల్చబడటానికి అదే కారణమని తెలిసి ఇంకొకరి పేరు రాశాను. పేజీన్నర అయింది.

ఏప్రిల్ 12

పల్లె వరుసలో పదిమంది దగ్గర మూతగిన్నెలు. ఒక్కొక్కరూ తమ గంజిలోంచి ఒక్కొక్క గుక్క విశ్వాసమ్మకు తీసుకుపోతున్నారు. మూతలు ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటే చప్పుడు కూడా వినపడింది. గిడ్డమ్మ నా వైపు చూసింది. నేను గిడ్డమ్మ వైపు చూశాను.

ఏప్రిల్ 14, సోమవారం

బస్సులో రాయచోటి వెళ్ళి ఆనందం గారి చేతికి కాగితం ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం మడిచి, లేచి వచ్చి, నా జేబులో తానే పెట్టాడు.

"మాస్టారూ, మీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు."

"ఇది పైకి పోతే మునసబుకు ఏమవుతుందో నాకు తెలియదు, ఆయనకు చుట్టాలు శానామంది ఉండారు. మీ ఉద్యోగం మాత్రం పోతుంది. కాబట్టి మీరు ఇది నాకు ఇవ్వలేదు, నేను చదవలేదు. ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగి పొండి." తర్వాత నవ్వాడు. "మీ పుస్తకంలో ఉంది గదా ఆ మాట. మీకోసం ఒకసారి నేను వాడుకుంటాండా."

"విశ్వాసమ్మ సంగతి?"

"కొన్నాళ్ళు పోనీండి. చూద్దాం."

మజ్జిగ తాగాను. చల్లగా, కొత్తిమీర వేసి ఉంది. బస్సెక్కాక నాకు సంతోషం వేసింది. నా కోసం రాసుకుంటున్నది కాబట్టి ఇక్కడ దాచడం దండగ. ఎంత సంతోషం వేసిందంటే, పక్క సీటు ముసలాయనతో వానల గురించి గంటసేపు మాట్లాడాను.

ఏప్రిల్ 15

నా వంతు నేను చేశాను. వెళ్ళాను, ఇచ్చాను. ఆయన తీసుకోలేదు.

ఏప్రిల్ 16

నా వంతు నేను చేశాను.

కొత్త ఉదాహరణ: "ఆనందం గారు నా తప్పును చూసీ చూడనట్టు వదిలేశారు." ఈ వాక్యంలో నేను హాయిగా ఉన్నాను, ఆయన మంచివాడుగా ఉన్నాడు. ఆకలితో ఉన్నామె వాక్యంలోకే రాలేదు. పాత ఉదాహరణ తీసి చూశాను. అందులో ఆమె ఉంది, తప్పు చేసినదానిగా ఉంది. దయగల అయ్యవారు అని రాసుకున్నవాడి చెయ్యి విరగ్గొట్టాలి.

ఏప్రిల్ 18, శుక్రవారం

వరుసగా రాస్తాను.

డివిజన్ అధికారి జీపులో వచ్చాడు. వెనక ఆనందం గారు. గుండిగలు చూశాడు, గరిటె పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. పోయేముందు జనం వైపు తిరిగి, ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడిగాడు. అడగడం ఆయన పని. ఏం లేవు సార్ అనడం మునసబు పని. ఇది ప్రతి ఊళ్ళో జరిగేదే. మునసబు "ఏం లేవు సార్" అన్నాడు.

"ఉంది" అన్నాను.

కాగితం జేబులోనే ఉంది. సోమవారం నుంచి ఆ చొక్కా ఉతకలేదు. పేజీన్నరా చదివాను. ఆనందం గారు తన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. గాడిలో ఎర్రజొన్న దగ్గరికి వచ్చేసరికి పందిరి కింద ఎవరో దగ్గారు, తర్వాత అందరూ దగ్గారు.

మునసబు కోప్పడలేదు. "నెలన్నర మా ఇంట్లో తిన్నాడు సార్ ఈయన" అన్నాడు.

"అదీ ఇందులో రాశాను" అన్నాను. చదివాను.

నా పెట్టె సాయంత్రానికల్లా వీధిలో ఉంది. దుప్పటి మడతపెట్టి పైన పెట్టారు. రామలక్ష్మమ్మ గారు పెట్టి ఉంటుంది.

ఏప్రిల్ 24, గురువారం

ఆర్డరు వచ్చింది. విశ్వాసమ్మ పేరు మళ్ళీ ఎక్కింది. జొన్నల బస్తాలు మునసబు ఇంటినుంచి బడిలోకి మారాయి. నన్ను ఈ పనినుంచి తీసేశారు. సంజాయిషీ ఇచ్చేదాకా ఉద్యోగం కూడా లేదు. ఊరికి రమ్మని నా భార్య ఉత్తరం రాసింది. నాలుగు రోజులాగి వస్తానని రాశాను. కారణం రాయలేదు. కారణం గర్వం. గంజి చిక్కబడింది, గరిటె నిలబడుతోంది, అది నా వల్ల అని రోజూ చూసుకోవాలని ఉంది.

బడి వరండాలో పడుకుంటున్నాను. గిడ్డమ్మ అడక్కుండానే ఒక గిన్నె గంజి పెడుతోంది. పైకెత్తి పొయ్యదు. నాకూ తేడా తెలుస్తోంది.

ఏప్రిల్ 26, శనివారం

నా స్థానంలో శివన్న అనే కుర్ర గుమాస్తా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చిన్న మీసం, ఎవరింట్లోనూ తినడు, సొంత స్టవ్వు తెచ్చుకున్నాడు. గంజి అయ్యాక వరుస చివర నిలబడి, లేచి పోయేవాళ్ళ మూతలు తీసి చూశాడు. అందరివీ. విశ్వాసమ్మ గిన్నెలో ఉన్నది మళ్ళీ గుండిగలో పోయించాడు. తిట్టలేదు. రేపటినుంచి ఇక్కడే తాగి పోమ్మా అన్నాడు, అంతే.

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 27, ఆదివారం

శివన్న దగ్గరికి వెళ్ళాను. అతను నాకు కుర్చీ వేశాడు. పోయిన ఉద్యోగానికి అంత మర్యాద ఎవరూ ఇవ్వలేదు.

"ఒక్క గిన్నె విషయం శివన్నా. చూసీ చూడనట్టు..."

"మీరు పెద్దోళ్ళు సార్. మీరు చదివిన కాగితం నకలు నాకు గూడా ఇచ్చినారు. చూడాల్సినోడు చూడకపోతే ఊరు మొత్తానికి ఏమైతాదో మీరే రాసినారు. శానా బాగా రాసినారు. దాన్ని చూసే నేను ఇట్ల చేస్తాండా."

"ఆమె దాచుకునేది ఆమె గంజే. బస్తాలు కాదు."

"మీరు గూడా ఒక్క గిన్నెతోనే గదా సార్ మొదలుపెట్టింది?"

గిన్నె వేరు, బస్తా వేరు అని నాకు తెలుసు. ఆ తేడా ఎక్కడ రాసి ఉందో చూపించమంటే చూపించలేను. గిన్నెను చూడనివాడినీ నేనే, బస్తాను చూడనివాడినీ నేనే. మొదటిసారి మొహం తిప్పుకున్నప్పుడు ఆమె బతుకు గురించి ఆలోచించాను. రెండోసారి నా బతుకు గురించి. రెండుసార్లూ మెడ ఒకేలా తిరిగింది.

"మరి ఆమె మొగుడు ఓబన్న ఏమైపోవాలి?" అన్నాను.

"వస్తే పోస్తాను సార్. ఎవురొచ్చినా పోస్తాను. పేరు గూడా రాసుకుంటా. రూలు అది."

"నడవలేడు."

"ఎట్ల వచ్చినాడని రూల్లో లేదు సార్."

అతను చెడ్డవాడు కాడు. అదే నాకు కోపం.

ఏప్రిల్ 28, సోమవారం

పొద్దున్నే వంక దాటి వెళ్ళాను. పల్లెలో మగవాళ్ళంతా తెల్లారకముందే రోడ్డు పనికి వెళ్ళిపోయారు. "మంచం పట్టు" అన్నాను విశ్వాసమ్మతో. ఆమె కాసేపు నా మొహం చూసి, కాళ్ళవైపు పట్టింది. నేను తలవైపు పట్టాను. నా ఒళ్ళు సుద్దముక్క కంటే బరువు ఎత్తి ఎరగదు. ఓబన్న తేలిగ్గానే ఉన్నాడు, మంచమే బరువు.

పల్లెవాళ్ళు ఊరి వెనక ఇసకలో చుట్టూ తిరిగి వస్తారు. వంక దాటేసరికే నా వేళ్ళు పట్టు తప్పుతున్నాయి. ఆ ఇసకలో అంత దూరం నడవలేను. ఊరి నడివీధిలోంచి పోతే దగ్గర. నేను అటు తిరిగితే విశ్వాసమ్మ ఆగింది.

"ఈ వీధిలో వద్దు అయ్యోరా."

"ఇటైతేనే మోయగలను."

నడిచింది. అరుగుల మీద ఉన్నవాళ్ళు మాటలు ఆపారు. మునసబు ఇల్లు దగ్గరపడేసరికి ఓబన్న మోచేతుల మీద లేవడం మొదలుపెట్టాడు. మంచం ఊగింది.

"దించు అయ్యోరా."

"ఎందుకు?"

"రెడ్డి ఇంటి ముందర మంచం మీద పోగూడదు. ఇంతదూరం దిగుతా."

"నడవలేవు ఓబన్నా."

"నడవలేను గానీ దిగుతా."

మునసబు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. లోపల తలుపు చాటున రామలక్ష్మమ్మ గారి చీర అంచు కనపడింది. మునసబు ఓబన్నను చూడలేదు, నన్నే చూశాడు. "ఏమప్పా, ఈ వీధే దొరికిందా నీకు?" అన్నాడు.

నేను దించలేదు. ధైర్యం అని రాసుకోవాలని ఉంది. దించితే మళ్ళీ ఎత్తలేనని భయం. "పండుకో ఓబన్నా" అన్నాను. విశ్వాసమ్మ వెనక్కి తిరగకుండా "పండుకో" అంది. అతను పండుకోలేదు, దిగనూ లేదు. మంచం పట్టె గట్టిగా పట్టుకుని సగం లేచిన మనిషి లేచినట్టే ఉండి, కళ్ళు మూసుకుని ఆ ఇల్లు దాటాడు.

కేంద్రం దగ్గర శివన్న లేచి నిలబడ్డాడు. పేరు అడిగాడు. ఓబన్న అని రాసుకున్నాడు. పెన్ను జేబులో పెట్టుకుంటూ, మంచం పందిరి కిందికి జరపమన్నాడు. పందిరి కింద ఉన్నవాళ్ళలో కొందరు జరిగారు, కొందరు లేచి గిన్నెలతో అవతలికి పోయారు.

గిడ్డమ్మ గరిటెతో వచ్చింది. ఓబన్న చేతులు వణుకుతున్నాయి, గిన్నె నిలవడం లేదు. పైకెత్తి పోస్తే ఒంటి మీద పడుతుంది. గిడ్డమ్మ ఒక క్షణం ఆగి, గిన్నె అంచు తన చేత్తో పట్టుకుని పోసింది.

ఓబన్న రెండు గుక్కలు తాగి గిన్నె పెళ్ళానికి చాచాడు.

"నాకు ఉండాది. ఇదంతా నీదే, తాగు" అంది విశ్వాసమ్మ. తన గిన్నె చూపించింది. ఇద్దరూ తాగారు. ఆమె గిన్నెకు మూత పెట్టలేదు.

"రేపో అయ్యోరా?" అంది గిడ్డమ్మ.

"రేపు కూడా."

"ఎల్లుండో?"

నాకు తెలియదు. ఉత్తరం రాయాలి, భార్యకు ఇంకో నాలుగు రోజులని. చేతులు బొబ్బలెక్కాయి, ఈ అక్షరాలు నాకే అర్థం కావడం లేదు. తిరిగి తీసుకుపోయేటప్పుడు కూడా ఆ వీధిలోనే వెళ్ళాం. మునసబు అరుగు మీదే ఉన్నాడు. ఓబన్న దిగుతాననలేదు. కడుపు నిండి, మంచం మీద వెల్లకిలా పడి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.